చావు కబురు

"అయ్యో నా అన్నో! మమ్మల్ని వదిలేసి ఎలా పోయావన్నో!"

గేటు బయట మగవాళ్ళ ఏడుపు వినగానే సపార్‌బెక్ చేతిలో రొట్టె కింద పడేసి పరుగెత్తాడు. ఏడుపు వినపడితే ముందు తనూ ఏడవాలి, పోయిందెవరో తర్వాత అడగాలి. కిర్గిజ్ కొండల్లోని నారిన్‌లో పద్ధతి అది. కర్ర పట్టుకుని, నడుం వంచి, "అయ్యో నా అన్నో!" అంటూ వచ్చినవాళ్ళకంటే గట్టిగా అందుకున్నాడు. ఈ విద్యలో తనంతటివాడు లేడని అతని నమ్మకం.

చిన్నాన్న కొడుకు ఒమూర్‌కుల్ అతన్ని కావలించుకుని భోరుమన్నాడు.

"ఊరుకోరా తమ్ముడూ. ఇంతకీ ఎవరు పోయార్రా?"

ఒమూర్‌కుల్ తలెత్తి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వే అన్నా!"

తన చావుకి తనే ఇంత ఒళ్ళు దాచుకోకుండా ఏడ్చిన వెధవ ఈ జిల్లాలో ఇంకొకడుండడు అనుకున్నాడు సపార్‌బెక్.

"ఎవడ్రా చెప్పింది?"

"ఎవడో ఫోన్ చేశాడన్నా. మనవాళ్ళందరికీ చేశాడట."

సపార్‌బెక్‌కి వెలిగింది. చలికాలం బొగ్గుకని ఫోన్‌లో అప్పు తీసుకున్నాడు. "సాయంత్రంలోగా కట్టకపోతే పాడి ఆవుని తోలుకుపోతా. నీ చుట్టాల నంబర్లన్నీ నా దగ్గరున్నాయి" అని పొద్దున్నే వసూళ్ళవాడు బెదిరించాడు.

భార్య బురుల్ మండిపడి పోలీసుకి ఫోన్ చేసింది.

"చచ్చాడన్నాడు గానీ చంపలేదుగా తల్లీ! ఉత్త మాటకి నేనేం కేసు పెట్టను?" అన్నాడతను.

వాకిలి చుట్టాలతో నిండిపోయింది. చావు ఖర్చులకని అందరూ తలా ఇంత బురుల్ ఫోన్‌కి ముందే పంపేశారు. పెదనాన్న గడ్డం సవరించుకున్నాడు.

"చావుకిచ్చిన డబ్బు వెనక్కి తీసుకుంటే అరిష్టం. ఆ అప్పు వాడి మొహాన కొట్టమ్మా, పీడా పోతుంది."

బురుల్ అక్కడికక్కడే మొత్తం కట్టేసింది. ఆవు దక్కింది. సపార్‌బెక్‌కి కళ్ళు చెమర్చాయి. బతికుండగా తన మొహం చూసి ఎవరూ పది సోములు బదులివ్వలేదు. ముందే చచ్చి ఉంటే ఎంత బాగుండేది!

"అవున్రా, నెలాఖరు కదా! గంటలో ఇంత డబ్బు మీకందరికీ ఎక్కడిదిరా?"

ఒమూర్‌కుల్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు.

"కబురు చెప్పినవాడే ఇచ్చాడన్నా. చావు ఖర్చులకి చేతిలో లేకపోతే ఇప్పుడే ఫోన్‌లో అప్పు పంపిస్తా, వచ్చే నెల కట్టండి అన్నాడు."