పెంటప్ప తెచ్చిన ట్రాన్స్‌ఫార్మర్

"పుణే నుంచి ఏరికోరి తెస్తి. ఇది తగిలిస్తే పాట పెరగాలె గదా, పగులుతదేంది?" భవాని పేట్‌లో మరమగ్గాలు నడిపే పెంటప్ప తన రికార్డు ప్లేయర్ మీద గయ్యిమన్నాడు.

రేడియోలు బాగుచేసే బామ్మర్ది పాండురంగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఊడదీశాడు. "ఇది మూవింగ్ కాయిల్ సూదికి, బావా. దాని సిగ్నల్ మస్తు సన్నగుంటది, పెంచాలె. నీది మామూలు సూది. దీనికి అక్కర్లేదు."

"మరి నాకు ఇనపడ్తలేదు గదరా!"

పాండురంగ్ రికార్డు మళ్లీ పెట్టాడు. వంటింట్లోంచి పెంటప్ప భార్య గోదావరి పాటతోపాటు కూనిరాగం అందుకుంది. స్పీకరుకు చెవి ఆనించి కూర్చున్నది పెంటప్ప ఒక్కడే. మీసాలు రాకముందు నుంచీ మగ్గాల మోత మింగిన చెవి అది.

పెంటప్ప ట్రాన్స్‌ఫార్మర్‌ను బామ్మర్ది చేతిలో పెట్టి, ఆ చెవే చూపించాడు.

"గట్లయితే ఈడ తగిలియ్యిరా."

పాండురంగ్ ఏదో అన్నాడు. గోదావరి పగలబడి నవ్వింది. ఏమన్నాడో వినపడలేదు గానీ, తన గురించేనని తెలిసి పెంటప్ప వాళ్లకంటే గట్టిగా నవ్వాడు.