మొదటి గడి ఖాళీ

“ఇది నువ్వు రాసింది కాదు,” అన్నాడు మాస్టారు, స్క్రీన్ మీంచి కళ్ళెత్తకుండా.

“నేనే రాశాను నాన్నా... సార్,” అంది చిట్టి నాలిక్కరుచుకుని. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ గడప దాటి లోపలికొస్తే కన్నతండ్రయినా సారే మరి.

కాలేజీలో ఆయన్ని సున్నా మాస్టారంటారు. చూసి రాసిన ప్రోగ్రాములను పట్టుకునే సాఫ్ట్‌వేర్ మీదే పన్నెండేళ్ళు రీసెర్చి చేసిన మనిషి. దొరికారా, సున్నా! ఆ పేపరు మళ్ళీ వచ్చే ఏడాదే. ఇంట్లో బాల్కనీ టమాటా మొక్కలతో కబుర్లాడుతూ, శ్రుతి లేని మౌతార్గాన్ వాయిస్తూ కూతుర్ని నవ్వించే ఈ మెత్తని మనిషి దగ్గర, ఇక్కడ మాత్రం ఎవరి పప్పులూ ఉడకవు.

“నూటికి తొంభై ఆరు పాళ్ళు కలిసింది. దేంతోనో తెలుసా? చదువుకునే రోజుల్లో ల్యాబ్ పరీక్షలో నేనిచ్చిన ప్రోగ్రాంతో. దాంతోనే క్లాసు ఫస్టొచ్చాను.”

“మీ పాత ఫైళ్ళు నేనెప్పుడూ చూళ్ళేదు సార్. ఒట్టు!”

“సరైన జవాబు ఇద్దరికి ఒకేలా రావచ్చు. అక్కర్లేని పని ఒకేలా రాదు. ఈ పట్టికలో మొదటి గడి ఎందుకు ఖాళీగా వదిలావు?”

“అమ్మ అలాగే నేర్పింది. కుట్టుకి అంచు వదిలినట్టు, మొదట్లో కాస్త చోటుంచుకోవాలంది.”

మాస్టారి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. అది చూసి, ఏడాది పోయినట్టే అనుకుంది చిట్టి. ఏడుపు తన్నుకొచ్చింది. వరండాలోకి వెళ్ళి అమ్మకి ఫోన్ చేసింది.

అమ్మది ఎదురు వీధిలో టైలరింగ్ షాపు. ఒకప్పుడు మాస్టారి క్లాస్‌మేటే. మెళ్ళో కొలత టేపు తీయకుండానే పరిగెత్తుకొచ్చింది.

“దాన్నేమీ అనకండి. తప్పంతా నాది,” అంది ఆయాసపడుతూ. “అప్పట్లో మీ ప్రోగ్రాం చూసి కంఠతా పట్టాను. అదే దీనికి నేర్పాను. పిల్లకేం తెలీదు.”

ఎవరి ముందూ తల వంచని అమ్మ, తన కోసం అలా నిలబడటం చూసి చిట్టికి గుండె తరుక్కుపోయింది.

మాస్టారు భార్య వంక చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత చిట్టి పేరుకెదురుగా పూర్తి మార్కులు వేశాడు.

చిట్టి తన కళ్ళను తనే నమ్మలేకపోయింది. “రూలు మార్చేశారా సార్?”

“మార్చలేదు.”

“ఊరుకోండి, ఇప్పుడెందుకు?” అంది అమ్మ కంగారుగా, ఆయన భుజం పట్టుకుని.

ఆయన ఊరుకోలేదు. కూతుర్ని దగ్గరికి తీసుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు.

“ఆ రోజు పరీక్షలో మీ అమ్మ స్క్రీన్ చూసి రాసింది నేనే, చిట్టీ.”