ఖాళీ కొక్కెం

"ముందు ఆ సంచి విప్పండి. తడి టెంటు అలాగే ఉంచితే రేపటికి బూజు పడుతుంది" అంది భార్య బాల్కనీలోంచి.

"విప్పుతాలేవే. ముందు కాస్త టీ ఇవ్వు. ఎముకల్లో చలి ఇంకా పోలేదు" అన్నాడు వాచీల మేస్త్రీ, కాళ్ళు బార్లా చాపుకుని.

ముప్పై ఏళ్ళుగా కంటికి భూతద్దం తగిలించుకుని నువ్వుగింజంత మరలతో వేగిన మనిషి. ఏడాదికోసారి మాత్రం దుకాణం మూసి, ఏటి పల్లానికి పోయి, నాలుగు రోజులు టెంటు వేసుకుని పడుకుంటాడు. వరదొస్తే మునిగే నేల అది. ఇల్లు కట్టనివ్వరు, దున్ననివ్వరు. పిట్టలకీ పొదలకీ వదిలేసి, కాపలాకి ఒక గార్డుని పెట్టారు. కుళాయి లేదు, కరెంటు లేదు, ఫోను పలకదు. తెచ్చుకున్న ప్రతి వస్తువూ తిరిగి పట్టుకుపోవాలన్నది అక్కడి కట్టుబాటు.

"అగ్గిపుల్ల కూడా వదల్లేదు, తెలుసా? ఇంకా సరిగా తెల్లారలేదు, జోరు వాన. నీళ్ళ రంగు చూశాను, ఎర్రబడింది. ఇంకో రోజు ఉందామనుకున్నవాణ్ణి అరగంటలో అంతా చుట్టేసి బయటపడ్డాను. నేను పడుకున్న చోట నలిగిన గడ్డి కూడా సరిచేసి మరీ వచ్చాను."

"ఆ గడ్డికి చేసిన సేవలో సగం ఈ ఇంటికి చేస్తే నా నడుము బాగుపడేది. మీ గార్డు తమ్ముడు ఏమన్నాడు?"

"కలవనే లేదు. వెళ్ళిన రోజు అతను ఆవలి గట్టున ఉన్నాడు. ఈ పొద్దున చూస్తే గేటు దగ్గర అతని గదికి తాళం."

ఆ మాట అంటుంటే మేస్త్రీకి మనసు చివుక్కుమంది. ఆరేళ్ళ కిందట నడుముదాకా ఊబిలో దిగిపోయిన తనని తాడేసి లాగింది ఆ గార్డే. అప్పట్నుంచి అతను తమ్ముడు, తను అన్నయ్య. "ఏరు మన చుట్టం కాదన్నయ్యా, మర్యాదలు చూడదు" అని ప్రతి ఏడూ చెబుతాడు.

టీ సగం తాగాడో లేదో టీవీలో వరద వార్త వచ్చింది. మేస్త్రీ గార్డు గదికి ఫోను చేశాడు. ఎవరో కొత్త గుమాస్తా ఎత్తాడు.

"గార్డు లేరండీ, పడవేసుకుని లోపలికెళ్ళారు. బోర్డు మీద ఒక కొక్కెం ఖాళీగా ఉంది. ఎవరో లోపల ఉండిపోయారు."

"అయ్యో! దొరికారా?"

"రెండుసార్లు తిరిగారు. ఎవరూ కనపడలేదట. వెనక్కి వచ్చేస్తున్నానని ఇప్పుడే వాకీటాకీలో చెప్పారు."

"వచ్చేయడమేమిటి! ఆగు బాబూ, ఆగు. నిన్న నేనో నీలం టెంటు చూశాను. ఎవరో కుర్ర జంట. పైన రెండు పాయలు కలిసే చోట, సరిగ్గా నీళ్ళ అంచున వేశారు. ఓనమాలు తెలియని వాళ్ళు. వాళ్ళే అయ్యుంటారు. అక్కడ చూడమని చెప్పు."

"అక్కడ సుడి ఎక్కువంటారు కదండీ..."

"నా తమ్ముడికి ఆ ఏరు అరచేయిలాంటిది. చెప్పు బాబూ, రెండు ప్రాణాలు!"

మేస్త్రీ ఫోను పెట్టేశాడు. "కొక్కెం ఏమిటండీ?" అని అడిగింది భార్య.

"గది బయట బోర్డుంటుంది. లోపలికెళ్ళేవాడు కొక్కేనికున్న చెక్కబిళ్ళ తీసుకెళ్ళి టెంటుకి కట్టుకోవాలి. వచ్చేటప్పుడు మళ్ళీ తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి లోపలున్నట్టే. అన్నీ నిండేదాకా తమ్ముడు ఇంటి మొహం చూడడు."

"దేవుడు దయ చూడాలి. ఈలోగా ఆ సంచి ఇలా తెండి, నేనే ఆరేస్తాను."

"టెంటు గోల ఇప్పుడా? అక్కడ మనుషులు పోతుంటే!" అని కసిరాడు మేస్త్రీ.

గంట గడిచింది. మేస్త్రీ మళ్ళీ చేశాడు.

"మీరు చెప్పిన చోటికే వెళ్ళారండీ" అన్నాడు గుమాస్తా. "నలభై నిమిషాలైంది, వాకీటాకీ పలకడం లేదు. ఆయన భార్య వచ్చారు. బోర్డు కిందే కూర్చున్నారు, లేవమంటే లేవరు."

మూడోసారి మేస్త్రీ చేయలేదు, ఫోనే మోగింది. కింద వంతెన దగ్గర పడవ దొరికిందట, బోర్లా పడి. అందులో ఎవరూ లేరు. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి కనుక ఇక ఎవరినీ పంపలేమన్నారట పైవాళ్ళు.

మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. పెద్దవాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఎవడో తెలివితక్కువవాడి నిర్లక్ష్యానికి బంగారంలాంటి మనిషి బలైపోయాడే! ఒళ్ళు దగ్గర పెట్టుకోలేనివాళ్ళు అలాంటి చోటికెందుకు పోవాలి? వాళ్ళకి పుట్టగతులుంటాయా?"

భార్య వీపు నిమిరింది. సంచి తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. టెంటు విప్పి దులుపుతున్న చప్పుడు వినిపించింది. తరవాత ఆగిపోయింది.

"ఏవండీ" అంది ఆవిడ. "ఒకసారి ఇలా రండి."

మేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళాడు.

టెంటు తాడుకి చెక్కబిళ్ళ వేలాడుతోంది.