మూడు గంటల రీడింగ్

చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి: అమ్మ మరణ ధ్రువపత్రం తేవాలి, ఆమె ఫోన్ నంబరు తీయించేయాలి, అద్దెకు తెచ్చిన ఆసుపత్రి మంచం తిరిగి ఇవ్వాలి, ఐదో రోజు నుంచి రాత్రి డ్యూటీకి వెళ్లాలి. అన్నీ చేశాను. ఏడవడం మాత్రం కుదరలేదు.

నా ఉద్యోగం నీళ్ల పంపుల స్టేషన్‌లో. గంటకోసారి ట్యాంకులో నీటిమట్టం చూసి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టాలి. అమ్మ పోయాక రెండుసార్లు రాయడం మరిచిపోయాను.

"నీ బాధ నాకు తెలుసు తల్లీ," అన్నారు సూపర్‌వైజరు గారు. "కళ్లకి అగ్గిపుల్లలు అడ్డం పెట్టుకుంటావో ఏం చేస్తావో! మూడోసారి ఖాళీ కనిపిస్తే నా చేతుల్లో ఉండదు."

ఆ రాత్రి పన్నెండు గంటల రీడింగ్ రాసి తల వాల్చాను. మెలకువ వచ్చేసరికి మూడు దాటింది. మోటార్ల రొద తప్ప మరో చప్పుడు లేదు. ఉద్యోగం పోయిందనుకుంటూ రిజిస్టరు చూశాను.

ఒంటిగంట, రెండు, మూడు గళ్లు నిండి ఉన్నాయి. చివరి గడిలో సిరా ఇంకా ఆరలేదు. తలుపుకు లోపలి గొళ్లెం వేసినట్టే ఉంది. మీటరు దగ్గరికి పరుగెత్తాను. పంతొమ్మిది అడుగులు. గడిలోనూ అంతే, కానీ తొమ్మిది అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

అమ్మకు అక్షరాలు రావు. నేను డిగ్రీలో ఉండగా అంకెలు నేర్పాను. తొమ్మిదిని ఎప్పుడూ అటు తిప్పే రాసేది. "ఎటు తిరిగితే ఏంటే, తొమ్మిది ఎనిమిదైపోతుందా!" అని నవ్వేది.

సంతకాల గళ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

వెనక కుర్చీ కిర్రుమంది. నేను తిరిగి చూడలేదు. మూడు సంతకాలూ పెట్టాను. ఈ రిజిస్టరు ఎప్పుడైనా మీ చేతికొస్తే, ఆ పేజీలో నా పేరు చూడకండి. ఆ అంకెలు వేసిన మనిషిని ఒక్కసారి తలుచుకోండి.