దున్నపోతు సర్వీసు

జంతువులను వాగు దాకా మోసుకెళ్లడానికి అడవి సర్కారు ఒక దున్నపోతును పెట్టింది. దాని వీపు మీద వేసి చోటు ఆపుకోవడానికి నత్తమ్మ ఒక ఆకు నోట కరుచుకుని పొద్దుటి నుంచి కాచుకుంది. ఎవరు అడిగినా విచారణ కొమ్మ మీది కొంగ, "బయల్దేరింది, వచ్చేస్తోంది," అంటోంది. ఫిర్యాదులు చేస్తే దున్నపోతు మీద వాన కురిసినట్టే.

"దీన్ని నమ్ముకుంటే వాగు చేరినట్టే!" అని నత్తమ్మ ఆకు ఉమ్మేసి నడక మొదలెట్టింది. అది చూసి ఉడతలూ కప్పలూ సిగ్గుపడి కదిలాయి.

మూడో రోజుకు నత్తమ్మ వాగు చేరితే, దున్నపోతు అక్కడే బురదలో పొర్లుతోంది.

"నాయనా, మేమంతా నడిచే వచ్చేశాం," అని నత్తమ్మ నవ్వింది.

దున్నపోతు గర్వంగా తలెత్తింది. "చూశావా! ఎక్కేవాళ్లెవరూ లేరు, ఈ రూటు ఎత్తేయండని నేను ముందే పైకి రాశాను!"