బండ్లు రాని దారి

"పడితే నిన్ను ఎత్తేదెవురు మే?"

జాబ్రియాలో తాను వంట చేసే అరబ్బుల ఇంట్లో, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బియ్యం కడుగుతూ అడిగింది వెంకటేశ్వరి. అటువైపు ఉన్నది కూతురు చిట్టి. అబూ హలీఫాలో పళ్ల క్లినిక్‌లో పని చేస్తుంది. శుక్రవారం సెలవు కదా అని గులాబీ టోపీ పెట్టుకుని, క్లినిక్‌లో తోటి ఆడపిల్లలతో వ్యానెక్కి, వఫ్రా తోటల అవతలికి సైకిల్ తొక్కడానికి పోయింది.

"ఎందుకు పడతానుమా? ఇది రోడ్డు గాదు, గులకరాళ్ల దారి. అడ్డంగా సిమెంటు దిమ్మెలు పెట్టినారు. ఒక కారు రాదు, ఒక లారీ రాదు."

"నేననేదీ అదే గదా. ఒక్క బండి గూడా రాకుంటే పడినోళ్లను ఆస్పత్రికి ఎట్ల మోసకపోతారు?"

చిట్టి నవ్వింది. "బండ్లొస్తే గుద్దుతాయంటావు. రాకుంటే మోసేదెవురంటావు. నీకు ఏ దారైతే బాగుంటాదో నువ్వే జెప్పు."

"దారే వద్దు. రూంలో పండుకో."

"వానలు పడినాయి గదా, దిబ్బలన్నీ పచ్చగా ఉండాయిమా. ఎక్కేది, జర్రున దిగేది. అదిగో, ఇంకో దిబ్బ ఉంది. అది దిగినాక మాట్లాడతా."

పెట్టేసింది.

బియ్యం ఉడికిపోయాయి. చిట్టి మాట్లాడలేదు. ఒక దిబ్బ దిగడానికి ఎంతసేపు కావాలి? వెంకటేశ్వరి ఫోన్ చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. చేప ముక్కలు నూనెలో వేసి ఫోన్ చేసింది, తిరగేసి ఫోన్ చేసింది, భోజనాల గదిలో పెట్టి వచ్చి మళ్లీ చేసింది. మోగి మోగి, ఆఖరికి ఆ ఫోన్ మోగడం కూడా మానేసింది. ఎవరో ఆడమనిషి గొంతు అరబ్బీలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

ఫోన్ పగిలిపోయిందన్నమాట. ఫోనే పగిలితే ఇక తల సంగతేమిటి?

ఆమె కళ్లకు గోతిలో తలకిందులైన సైకిల్ కనిపించింది. పైకి లేచి ఊరికే తిరుగుతున్న చక్రం కనిపించింది. చుట్టూ కుక్కలు చేరాయి. ఆ ఇసకలో పాములుంటాయని ఎప్పుడో ఎవరో అన్నారు, ఒక పామును కూడా చేర్చుకుంది. దాంతో ఇక నిలవలేక వంటింటి మధ్యలో చతికిలబడి ఏడ్చింది. పనివాళ్లంతా మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు కంగారుపడి, ఈ ఏడుపు తన వల్ల కాదని, "యల్లా" అంటూ డ్రైవర్ ఖాజా హుస్సేన్‌ను పిలిచి కారు తీయమంది.

ఖాజాది రాయచోటి. స్టీరింగు కింద ఇమడని పొట్ట, తొణకని మనిషి.

"ఏం గాదక్కా. సైకిల్ మీంచి పడితే మోకాలు గీరుకుంటాది, అంతే."

"గీరుకుంటే చీము పడతాది. చీము పడితే కాలు తీసేస్తారు."

"తీసేస్తే మళ్లీ సైకిల్ తొక్కదు. నీకు అదే గదా కావాల్సింది."

"నీ నోట్లో మన్ను బడ. తొందరగా పోనీ."

తోటలు దాటాక దిమ్మెలు అడ్డమొచ్చాయి. వాటి అవతల తెల్లటి గులకరాళ్ల దారి ఒక దిబ్బ ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కుతూ పోయింది. మనిషన్నవాడు కనిపించలేదు.

"ఖలాస్ అక్కా. కారు ఇంతవరకే."

సైకిళ్లు అద్దెకిచ్చే బంగ్లాదేశీ ఒకడు అక్కడ కూర్చుని ఉన్నాడు. గులాబీ టోపీ పిల్లను చూశావా అని ఖాజా హిందీలో అడిగాడు. పోవడం చూశాను, రావడం చూడలేదన్నాడతను. వెంకటేశ్వరి మిగిలిన ఒక్క సైకిల్ వైపు చూసింది. ఖాజా తన పొట్ట వైపు చూసుకున్నాడు.

"నేను ఎక్కితే అదే పడిపోతాది. నీకేమన్నా వచ్చునా అక్కా?"

"ఎనిమిదో తరగతి దాకా పుల్లంపేట బడికి దేని మీద పోతిననుకున్నావు?" అంటూ చున్నీ నడుముకు బిగించింది. "నేను రాకుంటే పోలీసులకు జెప్పు."

మొదటి దిబ్బ నెట్టుకుంటూ ఎక్కింది. "చిట్టీ" అని పిలుస్తూ, రెండు పక్కలా ప్రతి పల్లంలోకీ తొంగి చూస్తూ దిగింది. సైకిల్ లేదు, కుక్కల్లేవు, పాము కూడా లేదు. చిన్న చిన్న పసుప్పచ్చ పూలున్నాయి. రెండో దిబ్బ దిగేటప్పుడు కాళ్లు వాటంతట అవే పెడళ్ల మీంచి లేచాయి. చక్రాల కింద రాళ్లు గరగరమన్నాయి. పైనుంచి చూస్తే బాగా కనిపిస్తుందని మూడో దిబ్బ ఎక్కింది. నాలుగోది కూడా అందుకే ఎక్కింది.

అక్కడ ఆగింది. రాళ్ల చప్పుడు ఆగాక, సంచిలో ఫోన్ మోగుతున్నట్టు తెలిసింది. మామా నంబరు. ఎత్తితే ఏడుపు గొంతు, చిట్టిది.

"యాడుండావుమా? ఊరికే చేసీ చేసీ నా ఫోన్‌లో ఛార్జింగంతా నువ్వే అయిపోగొడితివి. భయపడతాంటావని దారికి అవతలి కొసన గేటు కాడ సైకిల్ ఇచ్చేసి వ్యానెక్కి నేరుగా జాబ్రియాకే వచ్చినా. ఈడ చూస్తే నువ్వు లేవు. మామా ఫోన్‌తో ఎంతసేపటి నుంచి చేస్తాండానో తెలుసా? ఖాజన్న చూస్తే, దిబ్బల్లోకి పోయింది, మళ్లీ రాలేదంటాడు. పడినావా? దెబ్బలు తగిలినాయా? ఆడ ఒక బండి గూడా రాదు గదమా, నిన్ను ఎత్తేదెవురు?"

వెంకటేశ్వరి చున్నీ కొసతో కళ్లు తుడుచుకుంది. వెనక్కి చూసింది. దూరంగా దిమ్మెల దగ్గర ఖాజా రెండు చేతులూ ఊపుతున్నాడు. ముందుకు చూసింది.

"అమ్మా? పలకవేందిమా? అమ్మా..."

వెంకటేశ్వరి ఒక కాలు పెడల్ మీద పెట్టింది.

"ఇంకో దిబ్బ ఉంది మే. అది దిగినాక మాట్లాడతా."