సల్ల కాదు, మజ్జిగ

"సల్ల కాదు, మజ్జిగ అనాలి. ఏదీ, అను."

"మజ్జిగ," అంది వినోద.

"'ఏంది' కాదు, 'ఏంటి'. 'అంగీ' కాదు, 'చొక్కా'. పాప ఎక్కువసేపు నీ దగ్గరే ఉంటుంది. నువ్వేం మాట్లాడితే అదే పట్టేస్తుంది."

సాయిప్రియ కోపంగా చెప్పలేదు. ఆమె అసలు కోప్పడే మనిషి కాదు. ఉద్యోగాల కోసం భర్తతో భీమవరం నుంచి ఇటొచ్చి, మేడ్చల్ శివారులోని ఈ కాలనీలో ఇల్లు కొనుక్కుంది. నాలుగేళ్ల కూతురు సహస్రని చూసుకోవడానికి, ఇంట్లోనే ఉండే మనిషి కోసం వెతుకుతుంటే వినోద దొరికింది.

"ఏ ఊరు మీది?" అని మొదటిరోజే అడిగింది.

"గీడనే, అమ్మా." ఇక్కడే అన్న ఆ మాటని సాయిప్రియ సరిగ్గా వినిపించుకోలేదు.

"పర్లేదు, మెల్లగా అలవాటవుతుందిలే. వచ్చిన కొత్తలో మాకూ అంతే. ఊరు కొత్త, మాట కొత్త."

వినోద తలూపింది.

నిజంగానే ఆ గేటు లోపల అన్నీ ఆమెకి కొత్తే. సెక్యూరిటీ వాళ్లది హిందీ. పాపది సగం ఇంగ్లీషు. ఇంట్లోవాళ్లది తెలుగే, కానీ వినోద నోరు తెరిస్తే ముసిముసిగా నవ్వే తెలుగు. గేటు దాటాలంటే మేడం ఫోన్‌లో సరేననాలి. నలభై ఏళ్లొచ్చిన మనిషి, ఉప్పు ప్యాకెట్ కోసం బయటికి పోవాలన్నా ఒకరి సెలవు కోసం నిలబడాలి. వంటింటి వెనక తనకిచ్చిన గదికి కిటికీ కూడా లేదు. కొన్నిసార్లు ఊపిరాడేది కాదు.

అలాగని వేరే దారి లేక వచ్చిందా అంటే, అదీ కాదు. పని అడగడానికి వచ్చిన రోజు గేటు దగ్గర ఆమెకి మూడు ఇళ్లు చెప్పారు. రెండింట్లో పొద్దున వచ్చి సాయంత్రం పోవచ్చు. వినోద మాత్రం పెరట్లో వేపచెట్టున్న ఇల్లే కావాలని మొండికేసింది. నీడ కోసం కాబోలు అనుకున్నారు.

తమ్ముడు రవీందర్ జీడిమెట్లలో ప్యాకింగ్ పని చూసిపెట్టాడు. గేటు దాకా వచ్చి బతిమాలాడు.

"గా కంపెనీల ఆడోళ్లు మస్తుమంది ఉన్నరక్కా. పొద్దుగూకితే ఇంటికొస్తవ్. గీడ మాట మాటకు తిట్లు వడుకుంట, ఏందక్కా గీ బతుకు? బాపు జూస్తే ఏమనుకుంటడు?"

"జూస్తనే ఉంటడు తియ్యి," అంది వినోద. "నువ్వు పో ఇగ. పాపకు అన్నం వెట్టాలె."

సాయిప్రియ అత్తగారు శేషారత్నం ఊరినుంచి దిగాక పరిస్థితి మరీ ఇరుకున పడింది. ఆవిడవి పాము చెవులు. వంటింట్లో వినోద తనలో తను గొణుక్కున్నా హాల్లోంచి దిద్దేది.

దానికి తోడు ఇంకో గొడవ. వినోద తినబోయే ముందు ఒక ముద్ద తీసి, వేపచెట్టు మొదట్లో వాషింగ్ మెషీన్ కోసం చేసిన గచ్చు మీద పెట్టేది.

"పిల్లులు మరుగుతాయమ్మాయ్! ఏం అలవాటిది!" అని శేషారత్నం రోజూ ఎత్తి పారేయించేది. వినోద కడిగేసేది. మర్నాడు మళ్లీ పెట్టేది.

ఆ ఆదివారం చుట్టాలొచ్చారు. భోజనాల మధ్యలో సహస్ర కంచం తోసేసి అరిచింది.

"మామ్మా, గీ కూర నాకొద్దు! సల్ల కావాలె, జల్దీ!"

చుట్టాలు ఘొల్లుమన్నారు. శేషారత్నం మొహం మాడిపోయింది. వాళ్లు అటు వెళ్లగానే కోడలిని కేకేసింది.

"ఈ మనిషిని రేపే పంపించెయ్, ప్రియా. మన అమ్మాజీని భీమవరం నుంచి పిలిపిస్తాను."

సాయిప్రియ నసిగింది. "ఏమనుకోకు వినోదా. వేరే చోట నీకు ఇంతకంటే బాగుంటుంది."

బాగుంటుంది. ఆ సంగతి వినోదకీ తెలుసు. అయినా పోయి శేషారత్నం కాళ్లు పట్టేసుకుంది.

"పంపించకండి, అమ్మగారూ. ఇంకెప్పుడూ అలా మాట్లాడను. పాప ముందు అసలు నోరే తెరవను. మీరెలా ఉండమంటే అలా ఉంటాను."

ఒక్క మాట తప్పు పోలేదు. భీమవరంలో పుట్టినవాళ్లు కూడా అంత శుభ్రంగా పలకరు. శేషారత్నం విస్తుపోయింది.

"బానే నేర్చిందే! సరే, ఇదే ఆఖరిసారి. మళ్లీ ఆ మాటలు ఈ ఇంట్లో వినపడ్డాయో..."

"వినపడవండి."

అందరూ నడుం వాల్చాక వినోద కంచం పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచింది. చుట్టూ చూసింది, ఎవరూ లేరు. గచ్చు మీద ముద్ద పెట్టి, గ్లాసులోది కాస్త దాని మీద వంపింది.

"సల్ల వోసిన, తిను బాపూ," అని గుసగుసలాడి, ఈ కాలనీ లేవకముందు తమ మక్కచేనుగా ఉన్న ఆ నేలలో, ఆ వేపచెట్టు మొదట్లోనే తమ్ముడూ తనూ కలిసి మట్టిచేసిన తండ్రి తలవైపున, గచ్చు మీద చెయ్యి ఆనించింది.